నాలుగేళ్లుగా అవే పన్నెండు పాటలు, అవే తప్పులు: మారని బ్యాండ్‌తో ఏం చేయాలి?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకూ విషయం తెలుస్తుంది. ఇంజనీరింగ్ రోజుల్లో మొదలైన ఐదుగురి బ్యాండ్. ఇప్పుడు అందరూ హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు. శనివారం సాయంత్రం కూకట్‌పల్లిలో గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూమ్‌లో కలుస్తారు. మీరు బేస్ గిటార్, పాటల ఎంపిక నుంచి అద్దె కట్టడం దాకా అన్నీ మీ నెత్తినే. డ్రమ్మర్ ప్రతి పాటలోనూ పరుగెత్తుతాడు, అంటే పోనుపోను వేగం పెంచేస్తాడు. కీబోర్డ్ అతను ఏ పాటైనా ట్రాన్స్‌పోజ్ బటన్ (అవే మెట్లు నొక్కినా స్వరాల ఎత్తు మార్చేసేది) నొక్కి సీ మేజర్‌లోనే, అంటే తెల్లమెట్ల మీదే వాయిస్తాడు. గాయకుడు గొంతు అందకపోయినా ఒరిజినల్ స్కేల్ (పాట పాడే స్వరస్థాయి) వదలడు, సాహిత్యం ఫోన్ చూసి చదువుతాడు. గిటారిస్ట్ ఆలస్యంగా వస్తాడు, వచ్చాక సౌండ్ పెంచేస్తాడు. మొన్న వినాయక చవితికి అపార్ట్‌మెంట్‌లో ప్రోగ్రామ్ చేస్తే రెండో పాట ఇంటర్‌లూడ్ (పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యాల భాగం) దగ్గర ఎవరి దారి వాళ్లదై మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. బాగా పాడే అమ్మాయి ఒకరు కొత్తగా చేరి రెండు నెలలకే మానేశారు. ఎవరికి చెప్పినా "మనమేమన్నా ప్రొఫెషనల్సా, సరదాకే కదా" అంటున్నారు. వీళ్లను మార్చడమెలా, లేక నేనే బయటికి వచ్చేయాలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. వాళ్ల మనసు మార్చడం మీ చేతుల్లో లేదు, ప్రాక్టీసు జరిగే తీరు మార్చడం మీ చేతుల్లో ఉంది. తీరు మారిస్తే ఐదుగురిలో ఇద్దరో ముగ్గురో కదులుతారు. కదలని వాళ్లెవరో మీరు తీర్పు చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. దానికి ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ దాటాక కూడా ఇలాగే ఉంటే, ఆ శనివారాలను స్నేహితుల కలయికగా ఉంచుకుని వాయించడానికి వేరే బృందం కట్టుకోండి. బయటికి రావాలా వద్దా అన్నది ఇవాళ తేల్చుకోవాల్సిన సంగతి కాదు.

నేను కీబోర్డ్ వాయిస్తాను. విజయవాడలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్లు పనిచేసి, హైదరాబాద్ వచ్చాక ఉద్యోగాలు చేసుకుంటూ వాయించే బృందాలకు రిహార్సల్స్ నడిపిస్తున్నాను. మీలాంటి బ్యాండ్ నా దగ్గరికి రాని ఏడాది లేదు. కాబట్టి కింద రాసేదంతా ఆ గదుల్లో చూసింది.

ఎదగకూడదని కంకణం కట్టుకుని ఎవరూ కూర్చోరు. నేను చూసినంతలో దీని కింద ఎక్కువగా ఉండేది భయం. ముప్పై దాటిన మనిషి, ఆఫీసులో "మావాడు డ్రమ్స్ వాయిస్తాడు" అనిపించుకుంటున్న మనిషి, ఇవాళ మెట్రోనోమ్ (సమానమైన వేగంతో క్లిక్ వినిపించే పరికరం) పెట్టుకుని కూర్చుంటే పదేళ్లుగా వాయిస్తున్నా కాలప్రమాణం నిలవట్లేదని తనకే తెలిసిపోతుంది. అది తెలుసుకోవడం కంటే "సరదాకే కదా" అనడం తేలిక. ఆ మాట మీ మీద నిర్లక్ష్యంతో అంటున్నది కాదని నమ్మండి, మాట్లాడేటప్పుడు మీ గొంతులో కోపం తగ్గుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. మీ బ్యాండ్‌లో ఒకరి తప్పును మరొకరి తప్పు కప్పుతోంది. డ్రమ్మర్ పరుగెత్తితే గాయకుడికి ఊపిరి తీసుకునే చోటు ఉండదు, కాబట్టి అతను సంగతులు (పాటలోని స్వరాల మెలికలు) మింగేసినా ఎవరూ అడగరు. గిటార్ హోరులో కీబోర్డ్ ఎడమ చెయ్యి ఏం చేస్తోందో వినపడదు. గిటారిస్ట్ ఆలస్యంగా వస్తాడు కాబట్టి మొదటి అరగంట ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, అది అందరికీ హాయిగానే ఉంటుంది. నీ జోలికి నేను రాను, నా జోలికి నువ్వు రాకు అన్న ఒప్పందం ఎవరూ పైకి అనకుండానే కుదిరిపోయింది. అందుకే మీరు అందరినీ కూర్చోబెట్టి "మనం ఇంప్రూవ్ అవ్వాలి" అంటే నలుగురూ తలూపి, వచ్చే శనివారం మళ్లీ అలాగే వస్తారు. ఒక్కొక్క తప్పునూ విడిగా వినపడేలా చేయాలి, అదీ ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపకుండా.

మొదటి పని రికార్డింగ్. వాయించేటప్పుడు మన ధ్యాసంతా చేతుల మీద ఉంటుంది, ఎలా వినపడుతోందో మనకు తెలియదు. వచ్చే శనివారం ఫోన్‌ను డ్రమ్స్‌కు దూరంగా, గది అవతలి మూలలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో పెట్టండి. దగ్గరగా పెడితే డ్రమ్స్ దెబ్బకు ఫోన్ మైకు తనంతట తానే లెవెల్ తగ్గించేసుకుంటుంది, మిగతావి మునిగిపోతాయి. ఒకే ఒక్క పాట, తప్పు పోయినా ఆపకుండా చివరిదాకా. వెంటనే గదిలోని స్పీకర్‌లోనే పెట్టి వినండి. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అయ్యాక ఎవరి వాయిద్యం గురించి వాళ్లే మాట్లాడాలి, పక్కవాడి గురించి ఒక్క ముక్క అనకూడదు. ఈ నియమం దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి. మొదటిసారి గదిలో మౌనంగా ఉంటుంది, ఎవరో ఒకరు నవ్వి తేల్చేయాలని చూస్తారు. మీరు ముందు మీ బేస్ గురించి చెప్పండి: ఫలానా చోట నోటు లేటుగా పడింది, ఫలానా చోట డ్రమ్స్ కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కలవలేదు అని. తర్వాత మిగతావాళ్లు మెల్లగా నోరు విప్పుతారు.

విజయవాడలో బ్యాంకు ఉద్యోగుల బృందం ఒకటి ఉండేది. వాళ్ల రిథమ్ ప్యాడ్స్ అతను పెద్దాయన, బృందంలో అందరికంటే సీనియర్, ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన పరుగెత్తుతున్నాడని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. మూడు వారాలు రికార్డింగ్ పెట్టి విన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. మూడో వారం ఆయనే "ఏంటయ్యా, చివరి చరణం మరీ తరుముకొస్తున్నట్టుంది, నేనేనా?" అన్నారు. నేనే అవునండీ అన్నాను. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం వల్లే పని జరిగింది, ఇంకెవరు అన్నా ప్యాడ్స్ సర్దుకుని వెళ్లిపోయేవారు.

ఇక డ్రమ్మర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బ్యాండ్‌లో సగం రోగాలకు మూలం అక్కడే ఉంది. రికార్డింగ్ విని, ట్యాప్ టెంపో యాప్‌లో (పాట దెబ్బలకు తగ్గట్టు వేలితో తడితే వేగం చూపిస్తుంది) పల్లవి మొదట్లో ఒకసారి, చివరి చరణం తర్వాత ఒకసారి టెంపో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో కొలవండి. ఉదాహరణకు 96 దగ్గర మొదలై 108 దగ్గర ముగిసిందనుకోండి (మీరు రాసినదాన్ని బట్టి ఇంకా ఎక్కువే ఉండొచ్చు). 96 దగ్గర ఒక్కో దెబ్బకు 0.625 సెకన్లు, 108 దగ్గర 0.556. చూడ్డానికి చిన్న తేడానే, కానీ గాయకుడు ఒక దెబ్బ ఖాళీలో ఊపిరి తీసుకోవాల్సిన చోట పదో వంతు కంటే ఎక్కువే పోయింది. కీబోర్డ్ మీద వేగంగా పోయే బిట్ ఉంటే వేళ్లకు అందదు. మీ ఇంటర్‌లూడ్ విరిగిపోయింది అక్కడే అయి ఉంటుంది. కీబోర్డ్ అతను బిట్ మర్చిపోలేదు, ఇంట్లో వాయించిన వేగంలో అది స్టేజీ మీద లేదు.

పరుగు పాటంతా ఒకేలా ఉండదు. చాలామందికి అది ఫిల్ (ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లేటప్పుడు ఖాళీ నింపే దెబ్బలు) వేసే చోట మొదలవుతుంది. పల్లవి నుంచి చరణంలోకి వెళ్లేముందు రోల్ కొట్టి, ఆ ఊపులో చరణం మొదటి దెబ్బను కాస్త ముందే వేసేస్తారు, ఆ కొత్త వేగమే పాటకు వేగమైపోతుంది. మళ్లీ ఫిల్, మళ్లీ కొంచెం. కాబట్టి నెల రోజులు ఫిల్స్ లేకుండా వాయించమనండి. ఇది శిక్షలా అనిపించకుండా "రికార్డింగ్‌లో స్పష్టంగా వినపడాలి కాబట్టి అందరం సాదాగా వాయిద్దాం" అని అందరికీ కలిపి పెట్టండి, మీకూ గిటారిస్ట్‌కూ కూడా.

ఇంట్లో చేయాల్సింది కర్ణాటక సంగీతం మొదటి పాఠంలోనే ఉంది. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడిస్తారు కదా, చేతిలో తాళం వేగం మారదు, స్వరాలు మాత్రం రెట్టింపు, ఆపైన నాలుగింతలు అవుతాయి. అదే డ్రమ్మర్ చేయాలి. మెట్రోనోమ్ క్లిక్ 60 దగ్గర పెట్టి క్లిక్‌కు ఒక దెబ్బ, తర్వాత రెండు, తర్వాత నాలుగు, మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. పైకి వెళ్లడం అందరికీ వస్తుంది, నాలుగు నుంచి వెనక్కి ఒకటికి దిగేటప్పుడు జారుతుంది. ఆ దిగడం నిలిస్తే పాటలో ఫిల్ తర్వాత కూడా నిలుస్తుంది. అది కుదిరాక 96 పాటకు క్లిక్‌ను 48 చేసి, రెండు దెబ్బలకు ఒకసారే వినపడేలా పెట్టుకుంటే మధ్య దెబ్బ తను సొంతంగా మోయాలి. రాత్రిపూట ఫ్లాట్‌లో డ్రమ్స్ కుదరదంటాడు, దిండు మీద కర్రలతో చేసినా చాలు. ఒక్క జాగ్రత్త: బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వద్దు. ఫోన్‌లో కనపడే దానికీ చెవిలో వినపడే దానికీ మధ్య 100 మిల్లీసెకన్లకు పైగా తేడా ఉండే సెట్లు చాలా ఉన్నాయి, రికార్డ్ చేసుకుని చూసుకుంటే లెక్కలన్నీ తప్పుతాయి. వైరు ఉన్నవి వాడమనండి.

మీరు బేస్ కాబట్టి ఇందులో మీకు పని ఉంది. గిటారిస్ట్ ఎలాగూ ఆలస్యంగా వస్తాడు కదా, ఆ మొదటి అరగంట మీరూ డ్రమ్మరూ ఇద్దరే వాయించండి. పాట లేదు, గాయకుడు లేడు, ఒక పల్లవి తాలూకు నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మాత్రమే, క్లిక్‌తో. బేస్, కిక్ కలిసి ఒకే చోట పడటం అతని చెవికి ఒకసారి రుచి తగిలితే తర్వాత మీరు అడగక్కర్లేదు, అతనే "ఇంకోసారి" అంటాడు. డ్రమ్మర్లు మారడం నేను చూసింది ఎక్కువగా ఇలాగే, మాటలతో కాదు.

కీబోర్డ్ అతని విషయానికి వస్తే, ట్రాన్స్‌పోజ్ బటన్ వాడటం పాపమేమీ కాదు. ఆర్కెస్ట్రాల్లో ఆఖరి నిమిషంలో గాయని గొంతు బాగోలేదంటే మేమూ వాడతాం. చిక్కెక్కడంటే, అతను బటన్‌ను రెండు మెట్లు పైకి పెట్టుకుని "సీ" అంటాడు, మీ బేస్ మీద అది "డీ". ప్రాక్టీసులో ఒకరికొకరు కార్డ్ పేరు చెప్పుకోలేరు. ఇంకా ప్రమాదం, పాట అయ్యాక బటన్‌ను సున్నాకు తేవడం మర్చిపోతే తర్వాతి పాట ప్రెల్యూడ్ (పాటకు ముందు వచ్చే వాయిద్యాల భాగం) వేరే స్కేల్‌లో మొదలవుతుంది. స్టేజీ మీద ఐదుగురి ముఖాలూ ఒకేసారి మాడిపోయే సందర్భం అదే. అతన్ని పన్నెండు స్కేల్స్ నేర్చుకోమని అడగకండి, హడలిపోతాడు. జీ, ఎఫ్, డీ మేజర్ మూడు చాలు. జీలో ఒక్క నల్లమెట్టు, ఎఫ్‌లో ఒక్కటి, డీలో రెండు. ఆ మూడు వస్తే వాటి జంట మైనర్లు ఈ, డీ, బీ కూడా అవే మెట్ల మీద వచ్చేస్తాయి. మూడు నెలలకు మూడు, నెలకొకటి. కార్డ్స్‌ను అక్షరాల్లో కాకుండా స మీద, మ మీద, ప మీద అని మాట్లాడుకోవడం అలవాటు చేయండి, స్కేల్ ఏదైనా అందరి భాషా ఒకటే అవుతుంది.

గాయకుడి దగ్గర వాదన పెట్టుకోవద్దు. "నీ గొంతు అందట్లేదు" అనే మాట ఏ గాయకుడూ వినలేడు, అది అతని ఒంటిని అన్నట్టు తగులుతుంది. పరీక్ష పెట్టండి. చరణంలో అన్నిటికంటే పై స్థాయి పలికే వరుస ఏదో చూసి, దాన్ని మైకు లేకుండా వరసగా మూడుసార్లు పాడమనండి. మూడోసారి కూడా గొంతు పగలకుండా, ముఖం బిగించకుండా వస్తే అది అతని స్కేల్. రాకపోతే ఒక్క మెట్టు దించి మళ్లీ. తర్వాత పల్లవిలో అన్నిటికంటే కింది వరుస వినపడుతోందా చూడండి, మరీ దించితే అక్కడ గొంతు గాలైపోతుంది. ఒరిజినల్ పాట ఒకటిన్నర శ్రుతిలో (అంటే సీ షార్ప్‌లో; అంకె పెరిగేకొద్దీ స్థాయి పైకి వెళ్తుంది) ఉందని మనమూ అందులోనే పాడాలన్న రూలేమీ లేదు, పేరున్న గాయకులు కూడా వయసు మీద పడ్డాక స్టేజీ మీద శ్రుతి దించుకునే పాడతారు. ఫోన్ చూసి చదవడం మాత్రం కింద చెప్పబోయే మూడు పాటల వరకు పూర్తిగా మానేయాలి. తల దించుకుని పాడే గాయకుడు డ్రమ్మర్‌ను చూడడు, ఎంట్రీ సైగ అందుకోడు.

గిటారిస్ట్ సౌండ్. ఇది చెవుల ఆరోగ్యం సంగతి కూడా కాబట్టి మొహమాటం లేకుండా చెప్పొచ్చు. వృత్తి ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటల హద్దు పెట్టింది, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్‌తో పోటీపడే గిటార్ ఉంటే 100 దాటడం మామూలే, మీరక్కడ రెండేసి గంటలు ఉంటున్నారు. ఆంప్లిఫయర్‌ను నేల మీద పెట్టి కాళ్ల వైపు కొట్టిస్తే అతనికి తన గిటార్ వినపడదు, అందుకే పెంచుతాడు. కుర్చీ మీద పెట్టి కాస్త వెనక్కి వాల్చి అతని చెవి వైపు తిప్పండి, తనంతట తానే తగ్గిస్తాడు. ఆలస్యానికి కూడా ఒక పద్ధతి ఉంది: అతని కోసం ఆగకండి, మొదలుపెట్టేయండి. అద్దె మాత్రం ఐదు సమాన వాటాలు, వచ్చినా రాకపోయినా. ఇప్పటిదాకా మీరొక్కరే కడుతున్నారన్నారు. అది మంచితనమే, కానీ డబ్బు పెట్టని చోట మనిషికి పట్టింపు తక్కువగా ఉంటుంది.

ఇక పాటలు. పన్నెండు పాటలు పక్కన పెట్టేయండి. మూడు పాటలు. ఒకటి మీకు ఇప్పటికే బాగా వచ్చింది, ఒకటి అందరికీ కొంచెం కష్టమైనది, ఒకటి నెమ్మదిగా ఉండే పాత మెలొడీ. నెమ్మది పాట ఎందుకంటే అందులో దాక్కునే చోటు ఉండదు. హోరు ఉండదు, శ్రుతి తేడా వస్తే వినపడుతుంది, డ్రమ్మర్ ఖాళీని ఖాళీగా ఉంచగలడా లేదా తెలుస్తుంది. ఒక్కో పాటకూ ఒక కాగితం మీద వరస రాసి గోడకు అంటించండి: ప్రెల్యూడ్ ఎన్ని ఆవర్తాలు (తాళం చుట్లు), పల్లవి ఎన్నిసార్లు, ఇంటర్‌లూడ్‌లో ఎవరి బిట్ తర్వాత ఎవరిది, చరణం ఎంట్రీకి ఎవరు సైగ చేయాలి. ఇంతకుముందు మీ పాట విరిగినప్పుడు ఆపేశారు. విరిగితే ఎక్కడ కలుసుకోవాలో కూడా ఆ కాగితం మీద ఉండాలి, సాధారణంగా పల్లవి మొదటి దెబ్బ. ప్రాక్టీసులో కావాలని ఒకర్ని తప్పు వాయించమని, మిగతావాళ్లు పల్లవి దగ్గర కలిసే సాధన చేయండి. ఆర్కెస్ట్రాల్లో మమ్మల్ని కాపాడింది ఎక్కువగా ఈ అలవాటే.

తేదీ అన్నాను కదా. చవితి అయిపోయింది, డిసెంబర్ 4 ఘంటసాల జయంతి. ఆ రోజుల్లోనూ, ఫిబ్రవరి 11 వర్ధంతి రోజుల్లోనూ కాలనీల్లో, సాంస్కృతిక సంఘాల్లో పాత పాటల కార్యక్రమాలు పెట్టుకుంటారు, కొత్త బృందాలకు రెండు మూడు పాటలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట్ల ఒకసారి వెళ్లి కూర్చోండి, మీ నలుగురినీ వెంటబెట్టుకుని. ఎదురుగా రిటైరైన పెద్దవాళ్లు పాట పాటకూ కాగితం చూడకుండా, శ్రుతి తప్పకుండా పాడుతుంటే మీ గాయకుడికి మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు. ఆ డిసెంబర్ కార్యక్రమంలో మూడు పాటలు అని మాట ఇచ్చేయండి. అప్పటిదాకా ఇంకే ప్రోగ్రామూ ఒప్పుకోకండి. సిద్ధం కాకుండా ఒప్పుకున్న ప్రతి ప్రోగ్రామూ మీ వాళ్లకు "ఇలా అయినా నడిచిపోతుంది" అని నేర్పుతుంది.

ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు అడగండి, అంతకంటే వద్దు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు కలిసి బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. పైస్థాయి విద్యార్థులకూ మిగతావాళ్లకూ తేడా కనపడింది ఒంటరిగా చేసే సాధన దగ్గర. మీ వాళ్లు శనివారం కలిసి చేసేదాన్నే సాధన అనుకుంటున్నారు. కలిసినప్పుడు జరిగేది కూర్పు, సాధన ఇంట్లో జరగాలి.

ఇక్కడ ఒక మాట మీకు కూడా. మీ వాళ్లలో ఒకరికి చిన్న పాప, ఒకరికి రాత్రి షిఫ్టులు అని రాశారు. నెలల పిల్ల ఇంట్లో ఉన్న మనిషి ఇరవై నిమిషాలు కూడా తీయలేని వారాలుంటాయి. దాన్ని ఎదగడానికి ఒప్పుకోకపోవడంతో కలిపేయకండి. నేను చూసేది ఒక్కటే: సమయం దొరికిన వారం ఏం చేశాడు? పది నిమిషాలు దొరికితే పది నిమిషాలు వాయించిన మనిషి నెమ్మదిగానైనా మీతో వస్తాడు. ఖాళీ ఉన్న వారం కూడా కొత్త పెడల్ కొనుక్కుని ఫొటో పంపి కర్రా తీగా ముట్టని మనిషితో మీకు ఇబ్బంది. మీరు రాసిన నలుగురిలో నాకు అనుమానం గిటారిస్ట్ మీదే, డ్రమ్మర్ మీద కాదు. డ్రమ్మర్ తప్పు పెద్దదిగా వినపడుతుంది కానీ నాలుగేళ్లలో ఒక్క శనివారం మానలేదని మీరే రాశారు.

ఆ అమ్మాయి వెళ్లిపోయిన విషయం మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే బాధ కలిగించింది అదే. రెండు నెలల్లో ఆమెకు ఇచ్చింది కోరస్, ఒక డ్యూయెట్‌లో సగం. అదీ గాయకుడి స్కేల్‌లో. ఆడవాళ్ల గొంతుకు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర హాయిగా ఉంటుంది, మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర. డ్యూయెట్‌లో అతనికి వీలుగా పెడితే ఆమె చరణం పాతాళంలో ఉంటుంది. ఆమె పాడలేక కాదు, పాడటానికి చోటు లేక వెళ్లిపోయారు. ప్రాక్టీసు రాత్రి పదింటిదాకా సాగితే ఆమె ఎలా ఇల్లు చేరతారో ఎవరన్నా అడిగారా అన్నది కూడా చూసుకోండి. మీ బ్యాండ్ మారకముందు ఆమెను వెనక్కి పిలవొద్దు. మారాక పిలిస్తే, ఆమె స్కేల్‌లో ఆమె ఎంచుకున్న పాటతో పిలవండి.

డిసెంబర్ దాకా చేశాక ఎవరైనా కదలకపోతే? అప్పుడు తప్పదు. చెప్పాల్సింది మీరే, ఎదురుగా, ఒక్కరికే చెప్పాలి. గ్రూపులో మెసేజ్ కాదు, ఇంకొకరి చేత కాదు. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1962 ఆగస్టులో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ను తీసేసినప్పుడు ఆ మాట మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ చేత చెప్పించారు, రెండేళ్లు పక్కన వాయించిన ముగ్గురూ అక్కడ లేరు. సంగీతపరంగా వాళ్ల నిర్ణయం ఏమైనా కానీ, ఆ చెప్పిన తీరు ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ కథలో మచ్చగానే ఉంది. మీరు కాఫీకి పిలిచి "నువ్వు మంచోడివి కాదు" అన్న అర్థం రాకుండా, "డిసెంబర్ నుంచి నేను వారానికి ఇంత పని కోరుకుంటున్నాను, నీకది కుదరట్లేదు, కాబట్టి వాయించడం వేరే వాళ్లతో చేస్తాను, శనివారం మన భోజనం మాత్రం మానొద్దు" అనండి. కలిసి కొన్న మిక్సరో స్పీకరో ఉంటే దాని వాటా లెక్క అదే రోజు తేల్చేయండి. బ్యాండ్ పేరు ఎవరిదన్న పట్టుదల వస్తే వదిలేయండి, పేరు కొత్తది పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బృందం ఇలాగే విడిపోయింది. ఇద్దరు కొత్త బృందం కట్టారు, మిగతా ముగ్గురు నెలకోసారి మైనస్ ట్రాక్ (గాయకుడి గొంతు తీసేసిన పాట) పెట్టుకుని ఇంట్లో పాడుకుంటున్నారు. ఆ ముగ్గురూ ఇప్పుడు నిజంగా సంతోషంగా ఉన్నారు, ఎవరూ వాళ్లను అక్కర్లేని పరీక్షల్లో కూర్చోబెట్టట్లేదు. ఈ మధ్య ఆ ఇద్దరి ప్రోగ్రామ్‌కు ముందు వరుసలో కూర్చున్నది కూడా వాళ్లే.

కొత్త మనిషిని వెతకాల్సి వస్తే ఒకే పాట వాయించమని చూసి తీసుకోకండి, ఆ పాట అతను ఏడాదిగా వాయిస్తున్నదై ఉంటుంది. తెలిసిన పాట ఒకటి అడగండి, వినని పాట ఒకటి ఇచ్చి వారం గడువు ఇవ్వండి. వారం తర్వాత అది వాయించాక ఒక చోట ఏదో ఒకటి మార్చమనండి, ఫిల్ తీసేయమనో, సగం సౌండ్‌లో వాయించమనో. మొదటి ప్రయత్నంలో కుదరకపోయినా ఫర్వాలేదు. "ఇలాగేనా, ఇంకోసారి చూద్దామా" అని అడిగే మనిషైతే, చెయ్యి ఇంకా తిరగకపోయినా తీసుకోండి.